పది షేర్లకు ఒక ఓటు: టాటా మోటార్స్ డీవీఆర్‌ల పుట్టుక, ముగింపు

2024 సెప్టెంబరు 1 రికార్డు తేదీగా (ఆ రోజు షేర్లు ఎవరి పేరిట ఉన్నాయో వారికే లెక్క) టాటా మోటార్స్ ఒక తరగతి షేర్లను పూర్తిగా రద్దు చేసింది. కాగితాల్లో వాటి పేరు ‘ఎ’ ఆర్డినరీ షేర్లు. మార్కెట్లో మాత్రం అందరికీ డీవీఆర్‌లుగానే (డిఫరెన్షియల్ ఓటింగ్ రైట్స్, అంటే ఓటు హక్కులో తేడా ఉన్న షేర్లు) తెలుసు. పది డీవీఆర్‌లున్నవారికి ఏడు మామూలు షేర్లు దక్కాయి.

ఒప్పందంపై ఇతరుల కంపెనీలను నడిపే మేనేజింగ్ ఏజెన్సీల కాలంలో కొద్దిపాటి పెట్టుబడితో ఎక్కువ ఓట్లు గుప్పిట్లో పెట్టుకోవడం మామూలే. అందుకే 1956 కంపెనీల చట్టం పబ్లిక్ కంపెనీలకు ఈక్విటీ (మామూలు షేర్లు), ప్రిఫరెన్స్ (డివిడెండ్‌లో ముందు వరుస షేర్లు) అనే రెండు రకాలే మిగిల్చి, ఈక్విటీలో పెట్టుబడిని బట్టే ఓటు అంది. ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 2000 సవరణతో.

టాటా మోటార్స్‌కు ఆ అవసరం 2008లో వచ్చింది. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్న సంస్థకు అప్పు తీర్చే సొమ్ము కావాలి, ప్రమోటర్ల (కంపెనీని నియంత్రించే యజమానుల) పట్టు మాత్రం సడలకూడదు. ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇవ్వజూపే రైట్స్ ఇష్యూలో మామూలు షేరు 340 రూపాయలు, డీవీఆర్ 305. పది డీవీఆర్‌లకు ఒక ఓటు. బదులుగా డివిడెండ్ అయిదు శాతం అదనం. లేమన్ బ్రదర్స్ కూలిన కొద్ది రోజులకే ఇష్యూ రావడంతో స్పందన అంతంతమాత్రమే.

ఆ అయిదు శాతాన్ని కాస్త నిదానంగా చూడాలి. అది మార్కెట్ ధర మీద కాదు, షేరుపై రాసి ఉండే ముఖ విలువ మీద. 2011లో ముఖ విలువను 10 రూపాయల నుంచి 2కు విభజించాక అదనం షేరుకు పది పైసలు! 2022–23కు మామూలు షేరుకు 2 రూపాయలిస్తే డీవీఆర్‌కు 2.10. పోగొట్టుకున్న ఓటుకు ఇది ఏపాటి పరిహారం? మార్కెట్ తన జవాబు ధరలోనే చెప్పింది. 2015 రైట్స్ ఇష్యూలో కంపెనీయే మామూలు షేరును 450కి, డీవీఆర్‌ను 271కి ఇవ్వజూపింది. 2008లో పది శాతమున్న తేడా నలభైకి చేరింది.

ఈలోగా 2009లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, ఓటులోగానీ డివిడెండ్‌లోగానీ పైచేయి ఇచ్చే కొత్త తరగతి షేర్లను లిస్టెడ్ కంపెనీలు జారీ చేయకుండా అడ్డుకట్ట వేసింది. ఇతర కంపెనీల నుంచి కొత్తవి రాక, ఉన్నవి అడుగున పడి, డీవీఆర్‌లు మార్కెట్లో అనాథలయ్యాయి.

2023 జులైలో రద్దు ప్రతిపాదన వచ్చింది. ఒక తరగతి హక్కులను బోర్డు తనంతట తాను మార్చలేదు. అందుకే వాటాదారుల ఓటింగ్, ముంబయి ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల వ్యవహారాల ట్రైబ్యునల్) ఆమోదం, మూలధన తగ్గింపు (ఆ షేర్ల రద్దు) వరుసగా జరిగాయి. ఇది ఒట్టి షేర్ల మార్పిడే అనుకున్నవారిని ఆశ్చర్యపరిచింది పన్ను: వచ్చిన షేర్లలో కొంత విలువను చట్టం డివిడెండ్‌గా లెక్కగట్టింది. దానిపై పన్ను కోసం ఒక ట్రస్టు కొన్ని షేర్లు అమ్మి మిగిలినవి పంచింది. అయినా ఓట్ల లెక్కలో లాభం డీవీఆర్‌లున్నవారిదే: ఒక్క ఓటున్న పది షేర్లు ఏడు ఓట్లయ్యాయి, ప్రమోటర్ల ఓటు బలం ఆ మేరకు తగ్గింది.

2019లో సెబీ టెక్ కంపెనీల వ్యవస్థాపకులకు అధిక ఓట్ల షేర్లను అనుమతించినప్పుడు, లిస్టింగ్ తర్వాత అయిదేళ్లకు అవి మామూలువిగా మారాలనీ, వాటాదారులు ఒప్పుకుంటే మరో అయిదేళ్లు పొడిగించవచ్చనీ ముందే రాసిపెట్టింది. 2008 నాటి డీవీఆర్‌లకు అలాంటి గడువేదీ లేదు. వాటిని వదిలించుకోవడానికి పదహారేళ్లు పట్టింది.