ఫెర్రెట్‌కి పాలూ రొట్టే పడవు

ఇంగ్లండు పల్లెల్లో కుందేళ్ల వేటకు ఫెర్రెట్లను పెంచడం వందల ఏళ్ల నాటి అలవాటు. సన్నగా, పొడుగ్గా ఉండే ఈ జంతువును బొరియలోకి వదిలితే లోపలి కుందేళ్లు బెదిరిపోయి ఇంకో కన్నంలోంచి బయటికి దూకుతాయి. అక్కడ వల సిద్ధంగా ఉంటుంది. ఇంత పని చేసిపెట్టే జంతువుకి చాలామంది రోజూ పెట్టిన తిండి మాత్రం పాలల్లో నానేసిన రొట్టె. చవకా, సులువూ. ఫెర్రెట్ కూడా ఇష్టంగానే తినేది. ఇష్టంగా తిన్నదల్లా ఒంటికి పడుతుందా అంటే, పడదు. పెద్ద ఫెర్రెట్‌కి పాలల్లోని చక్కెర సరిగా అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఫొటో చూడగానే మనవాళ్లు ముంగిస అనుకుంటారు. చూపుకే ఆ పోలిక. ముంగిస పిల్లుల వైపు శాఖకు చెందినది. ఫెర్రెట్‌ది కుక్కలూ ఎలుగుబంట్లూ ఉన్న వైపు. మన దగ్గర దానికి చుట్టం కావాలంటే కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే నీటికుక్కను చెప్పుకోవాలి. ముంగిస పురుగు, గుడ్డు, పండు, ఏది దొరికితే అది తిని బతికేస్తుంది. ఫెర్రెట్ అచ్చమైన మాంసాహారి. రెండు వేల ఏళ్లకు పైగా మనిషి దగ్గర పెరుగుతున్నా దాని పేగులు ఇంకా దాని అడవి పూర్వీకుడైన యూరప్ పోల్‌క్యాట్ పేగులే.

ఆ పేగుల సంగతి తెలిస్తే తక్కినదంతా దానంతటదే అర్థమవుతుంది. మొత్తం జీర్ణనాళం పొట్టి. పెద్దపేగు దాదాపు పది సెంటీమీటర్లే. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట మనకూ కుక్కకూ ఉండే అంధనాళం దీనికి అసలు లేదు. పీచును పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు కాపురముండే చోట్లలో అదొకటి. విచిత్రమేమిటంటే, ఇది వేటాడే కుందేలుకి ఆ అంధనాళమే కడుపు కన్నా పెద్దది. గడ్డిని మాంసంగా మార్చే పని కుందేలు చేసిపెడుతుంది, ఫెర్రెట్ ఆ మాంసం తింటుంది.

తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అంత తక్కువ వ్యవధిలో ఒంటికి పట్టాలంటే తిండిలో తేలిగ్గా అరిగే జంతు ప్రొటీను, కొవ్వు దండిగా ఉండాలి. పైగా కిలో బరువుకు రోజుకు 200 నుంచి 300 కిలోకేలరీలు కావాలి. మనిషికైతే కిలోకు ముప్ఫై, ముప్ఫై అయిదు చాలు. అందుకే రోజుకు ఎనిమిది, పది సార్లు కొంచెం కొంచెం తింటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టి ఊరుకుంటే కుదరదు, గిన్నెలో ఎప్పుడూ తిండి ఉండాలి. ఆపరేషన్‌కి ముందు కూడా పశువైద్యులు దీన్ని మూడు నాలుగు గంటలకు మించి పస్తు ఉంచరు.

ఆ జాగ్రత్త వెనక ఇంకో కారణం కూడా ఉంది. మూడేళ్లు దాటిన ఫెర్రెట్లలో, ముఖ్యంగా అమెరికాలో, ఇన్సులినోమా అనే జబ్బు తరచుగా కనిపిస్తుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలకు గడ్డ లేచి, అవసరం ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను వదులుతూనే ఉంటాయి. రక్తంలో చక్కెర పడిపోతుంది. వెనక కాళ్లు తేలిపోతాయి, చొంగ కారుతుంది, శూన్యంలోకి చూస్తూ నిలబడిపోతుంది, ముదిరితే ఫిట్స్. పిండిపదార్థాలు ఎక్కువున్న తిండి ఏళ్ల తరబడి తినడం ఇందుకు కారణమని చాలామంది వైద్యుల అనుమానం. అది ఇంకా గట్టిగా రుజువు కాలేదు, వంశపారంపర్యం పాత్ర కూడా ఉండొచ్చు. అయినా ఎండుద్రాక్ష, అరటిపండు ముక్కలు ముద్దుగా పెట్టే అలవాటు మానుకోవడానికి ఆ అనుమానం చాలదా? ముద్దు చేయాలనిపిస్తే ఉడికించిన కోడిమాంసం పీచు ఒకటి చాలు. మూర్ఛ వచ్చినప్పుడు చిగుళ్లకు కాస్త తేనె రాసి ఆస్పత్రికి పరిగెత్తమంటారు. ఆ అత్యవసరం వేరు, రోజువారీ తిండి వేరు.

ఇక కొని పెట్టే గుళికల తిండి సంచి మీది లెక్కలు. నూటికి 35 పాళ్లు ప్రొటీను, 18 పాళ్లు కొవ్వు, 3 పాళ్లలోపు పీచు అని చూడగానే సరిపోయిందనిపిస్తుంది. ఆ 35 దేనినుంచి వచ్చిందో అంకె చెప్పదు. బఠానీ ప్రొటీనూ అందులోకే వస్తుంది, మొక్కజొన్న ప్రొటీనూ వస్తుంది. పదార్థాల జాబితాలో మొదటి మూడు పేర్లు కోడి, టర్కీ, గుడ్డు లాంటివైతే కొనొచ్చు. మూడో పేరే బఠానీ అయితే పక్కన పెట్టేయండి. మొక్కల ప్రొటీను ఎక్కువైతే మూత్రం క్షారగుణానికి మారి స్ట్రువైట్ రాళ్లు కడతాయి. కుక్కల ఆహారం పెట్టిన ఇళ్లలో ఇది పాత కథే. ధాన్యం లేదని గొప్పగా రాసుకునే సంచులను కూడా చూడగానే నమ్మేయకండి. చాలావాటిలో ధాన్యం తీసేసిన చోట బఠానీలు, ఆలుగడ్డలు దూరి ఉంటాయి.

అమెరికాలో అమ్మే సంచుల మీద పిండిపదార్థాల అంకె సాధారణంగా ఉండదు. మనమే కట్టుకోవాలి. ప్రొటీను 36, కొవ్వు 18, తేమ 10, పీచు 3, బూడిద (అంటే ఖనిజాలు) 7 అనుకుంటే మొత్తం 74. మిగిలిన 26 పాళ్లూ పిండిపదార్థమే. అసలు గుళికలు గుళికల్లా నిలబడాలంటేనే పిండి కావాలి కాబట్టి, మంచి కంపెనీదైనా అది సున్నా కాదు. ఉన్నవాటిలో తక్కువున్నది ఎంచుకోవడమే మన చేతిలో ఉన్నది.

పచ్చిమాంసం పెడతామనే వాళ్లున్నారు. ఆలోచన సబబే, అమలులో చిక్కులున్నాయి. ఉత్త కండ పెడితే భాస్వరం ఎక్కువై కాల్షియం చాలదు, ఎముకలు గుల్లబారతాయి. పచ్చి చేపలది ఇంకో తంటా. 1930లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక నక్కల ఫారంలో పచ్చి కార్ప్ చేపలు తిన్న నక్కలు పక్షవాతం వచ్చి పడిపోయాయి. కొన్ని చేపల్లో ఉండే థయమినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుందని తర్వాత తేలింది. ఇప్పుడు బర్డ్‌ఫ్లూ కూడా తోడైంది. 2024 చివర అమెరికాలో వైరస్ ఉన్న పచ్చిమాంసపు తిండి తిని పిల్లులు చనిపోయాయి. ఫెర్రెట్‌కి ఫ్లూ ఎంత తేలిగ్గా అంటుకుంటుందంటే, మనిషి ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నదే వీటి మీద.

ఇంట్లో మాంసం వండని వాళ్లు ఈ జంతువు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పప్పుతో, పెరుగుతో పెరిగే ప్రాణి కాదిది. పిల్లలు పట్టుబట్టే ఇల్లు కాలిఫోర్నియాలో ఉంటే టెన్షనే లేదు, అక్కడ ఫెర్రెట్లను పెంచడం చట్టరీత్యా నిషేధం.

తిండి మార్చాలనుకునే వాళ్లకు అసలు పరీక్ష ముక్కు దగ్గర ఎదురవుతుంది. పుట్టిన మొదటి కొన్ని నెలల్లో ఏ వాసన తిండి అనిపించిందో, ఫెర్రెట్ జీవితాంతం దాన్నే తిండి అనుకుంటుంది. ఎలుకనే ఎరగని ఫెర్రెట్ ముందు ఎలుకను పెడితే మూతి తిప్పుకోవచ్చు. అందుకే కూనలకు చిన్నప్పుడే రెండు మూడు రకాలు అలవాటు చేయాలి. పెద్దదానికి కొత్త గుళికలు పాతవాటిలో చిటికెడు చిటికెడుగా కలుపుతూ కొన్ని వారాలు ఓపిక పట్టాలి. గిన్నె ఖాళీ అయినంత మాత్రాన తిన్నదని అనుకోవద్దు, మిగిలింది సోఫా కింద దాచే అలవాటు దీనిది. కింద చీపురు పెట్టి లాగి చూడండి. కొత్తవన్నీ అక్కడే గుట్టగా దొరికితే ఆ పూటకు పాత తిండే పెట్టండి. ఆకలి వేస్తే అదే తింటుందిలే అన్న మొండితనం ఈ జంతువు దగ్గర పనికిరాదు.