కుక్కకు తాతల పేర్లు ఎందుకు?

కైకలూరు

చిన్నూకీ, బుజ్జికీ, దసరా సెలవుల్లో వాళ్లతోపాటు మా ఇంటికి వచ్చిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. అమ్మమ్మ రోజుకు రెండుసార్లయినా ఆ మాటే అంటోంది. నేను మాత్రం చిన్నూ అడిగిన ప్రశ్న దగ్గరే ఉన్నాను.

ఆ రోజు బాతుల కాపరి దగ్గర చూసిన కుక్క గుర్తుందా? మనం వెళ్లేసరికి గట్టు పక్కన మెత్తటి మట్టిని ముందుకాళ్లతో తవ్వుకుని, ఆ గుంటలో ముడుచుకుని పడుకుంది. పొట్టి వెంట్రుకలు, నున్నటి ఒళ్లు, నుదుటి మీద ముడతలు. మందలోంచి ఒక బాతు పక్కకు పోగానే లేచింది. మొరగలేదు. గొంతు సాగదీసి రాగం తీసినట్టు ఒక కూత పెట్టింది. బుజ్జి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. చిన్నూ ఫోన్‌లో ఫొటో తీసి, "తాతయ్యా, ఇది ఏ బ్రీడ్?" అన్నాడు. మీలో ఒకరు "బ్రీడేంట్రా, ఊరకుక్క" అన్నారు. కాపరి ముఖం చిన్నబోయింది. "ఊరకుక్క కాదు బాబూ, జోనంగి" అన్నాడు. అప్పుడు చిన్నూ, "మరి దీనికి సర్టిఫికెట్ ఉందా? మా అపార్ట్‌మెంట్‌లో లాబ్రడార్‌కి ఉంది" అన్నాడు.

దానికి జవాబు గట్టు మీద నిలబడి చెప్పేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మనకు తెలిసిన ఒంగోలు ఎద్దు దగ్గర మొదలుపెడదాం. మూపురం, వేలాడే గంగడోలు, కాటుక పెట్టినట్టుండే కళ్లు, తోక చివర నల్లటి కుచ్చు. ఇవి చూసి మా నాన్న ఎంత దూరం నుంచైనా "అది ఒంగోలు జాతి" అనేవాడు. దగ్గరికి వెళ్లి ఒంటి మీద సుడులు కూడా చూసేవాడు. జాతి అంటే అంతే పిల్లలూ. తల్లిదండ్రుల పోలిక, గుణం పిల్లలకు తప్పకుండా రావాలి. తెల్లావుకు ఒకసారి ఒంగోలు పోలిక దూడ, మరోసారి ఇంకేదో దూడ పుడుతుంటే దాన్ని జాతి అనం.

మన ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడివాళ్లు మన నెల్లూరు పేరు మీదే వాటిని నెలోర్ అన్నారు. ఏ దూడ ఏ ఆవుకు, ఏ ఆంబోతుకు పుట్టిందో పుస్తకాల్లో రాసుకుంటూ పెంచారు. ఇవాళ ఆ దేశంలో నెలోర్ పశువులు కోట్లలో ఉన్నాయి. మన దగ్గర మా నాన్నలాంటివాళ్ల కంట్లో ఉన్న లెక్క వాళ్లతోనే పోయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పశువుల డాక్టరుగా కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఏళ్లు పనిచేశాను. పిచ్చికుక్క కాటు రాకుండా టీకాలు వేసే రోజున రిజిస్టర్‌లో యజమాని పేరు, కుక్క వయసు, రంగు, జాతి అని గడులు ఉండేవి. జాతి అన్న గడిలో నేను తలెత్తకుండా "నాటు" అని రాసేవాణ్ని. వరసగా నాటు, నాటు, నాటు. ఆ నాటు కుక్కల్లో ఎన్ని జోనంగులున్నాయో నా కళ్లతో చూశాను, నా చేతులతో పట్టుకుని సూది వేశాను. రాయలేదు. ఎవరూ రాయమనలేదు కూడా. ఇప్పుడెవరైనా వచ్చి "డాక్టరుగారూ, ఆ రోజుల్లో మీ పరిధిలో ఎన్ని ఉండేవి?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. ఈ బాధ నన్ను వదల్లేదు.

ఇంతలో చేలు చేపల చెరువులయ్యాయి. కోత అయిన వరిచేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు తిరిగేవి, వాటి వెంట జోనంగి తిరిగేది. చెరువు గట్ల మీద బాతులకు మేత లేదు, బాతులు లేనిచోట జోనంగికి పని లేదు. పని లేని కుక్కను పేదవాడు ఎన్నాళ్లని పోషిస్తాడు? పైగా ఇది ఒక్క యజమాని మాటే వింటుంది, చేతులు మారితే బెంగ పెట్టుకుంటుంది. అలా తగ్గిపోయాయి.

సరే, సర్టిఫికెట్ సంగతి. కుక్కల జాతుల పుస్తకాలు నడిపే సంస్థను కెన్నెల్ క్లబ్ అంటారు. మొదటిది 1873లో లండన్‌లో పుట్టింది. అమెరికాలో 1884లో వచ్చింది. 1911లో యూరప్ దేశాలు కొన్ని కలిసి ఎఫ్‌సీఐ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఆఫీసు చెన్నైలో ఉంది. ఇవి కాక ప్రభుత్వం వైపు నుంచి హర్యానాలోని కర్నాల్‌లో ఒక జాతీయ సంస్థ ఉంది. ఆవులు, గేదెలు, గొర్రెల జాతులను నమోదు చేసేది అదే. తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ కుక్కలు ఆ పట్టికకు ఎక్కాయి. ఇది వేరే పుస్తకం, కెన్నెల్ క్లబ్ పుస్తకం వేరు. ఒకదాంట్లో పేరుంటే రెండోదాంట్లో ఉన్నట్టు కాదు. పేరు దగ్గరే తేడాలొస్తాయి కూడా. ముధోల్ వేటకుక్కను కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కారవాన్ హౌండ్ అని రాస్తుంది.

కొత్త జాతికి కెన్నెల్ క్లబ్ తనంతట తాను గుర్తింపు ఇవ్వదు. ఆ కుక్కను ప్రేమించేవాళ్లు ముందు తామే ఒక చిన్న క్లబ్ పెట్టుకోవాలి. వాళ్లు చేసే పని చూస్తే మీకు ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో పెట్టే షరతులు చెబుతాను. ఆ జాతి క్లబ్‌లో కనీసం 100 కుటుంబాలు చురుగ్గా ఉండాలి. కుక్కలు 300 నుంచి 400 దాకా ఉండాలి, అవి 20 రాష్ట్రాలకు తగ్గకుండా విస్తరించి ఉండాలి. వాటికి మూడు తరాల వంశం రాసి ఉండాలి, ఆ మూడు తరాల్లోనూ అన్నీ అదే జాతి కుక్కలై ఉండాలి.

మూడు తరాలు అంటే లెక్కేసి చూడండి. అమ్మానాన్న ఇద్దరు, వాళ్ల అమ్మానాన్నలు నలుగురు, ఆపైన ఎనిమిది మంది. ఒక్క కుక్కకు 14 పేర్లు! మన ఊళ్లో కుక్క పిల్లల్ని పెడితే తల్లి ఎవరో వీధంతా తెలుసు. తండ్రి ఎవరంటే "ఆ నల్లదేమో" అంటారు. "ఏమో" అని రాయడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. అందుకని ఆడకుక్క ఎదకు వచ్చిన రోజుల్లో దాన్ని విడిగా ఉంచాలి, ఏ మగకుక్కతో కలిపారో తేదీతో రాయాలి, పిల్లలు ఎన్ని, ఏ రంగు, ఎవరింటికి వెళ్లాయి, అన్నీ రాయాలి. ఒక తరం రాయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మూడు తరాలంటే మీరు ప్రైమరీ స్కూల్ నుంచి కాలేజీకి వెళ్లేంత కాలం. మధ్యలో క్లబ్బులో గొడవలొస్తాయి, డబ్బులు చాలవు, పెద్దవాళ్లు పోతారు. అయినా పుస్తకం ఆగకూడదు.

దీంతోపాటు బ్రీడ్ స్టాండర్డ్ అని ఒక పత్రం రాయాలి. కుక్క ఎత్తు ఎంత, చెవి ఎలా ఉండాలి, తోక ఎలా తిరగాలి, నడక ఎలా ఉండాలి, స్వభావం ఏమిటి, అన్నీ మాటల్లో పెట్టాలి. కొల్లేరు ఎప్పుడూ చూడని మనిషి ఆ కాగితం చదివి పది కుక్కల్లో జోనంగిని పట్టుకోగలగాలి. నేను ఒకరోజు ప్రయత్నించాను. "నుదుటి మీద ముడతలు ఉంటాయి" అని రాసి ఆగిపోయాను. ఎన్ని ముడతలు? ఎప్పుడూ ఉంటాయా, చెవులు నిక్కబొడిచినప్పుడేనా? పిల్లప్పుడు కూడానా? కాపరి దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన కుక్క తల మీద చెయ్యేసి ముడతలు వేలితో సర్దుతూ, "ఇదేదో వినాలనుకున్నప్పుడు గట్టిగా పడతాయండి" అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో నేను గమనించని సంగతి అది. ఆయనతో కూర్చోకుండా నగరంలో నలుగురు కలిసి ఈ కాగితం రాస్తే అది ఏ కుక్కదో అవుతుంది కానీ జోనంగిది కాదు.

ఈ పని సాధించినవాళ్లు ఉన్నారు. డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో పొలాల దగ్గర ఒక చిన్న కుక్క ఉండేది. తెల్లటి ఒళ్లు, మీద మచ్చలు, ఎలుకలు పట్టడం, ఇల్లు కాయడం దాని పని. అక్కడా చిన్న కమతాలు తగ్గేసరికి కుక్కలూ తగ్గాయి. అప్పుడు రెండు దేశాల కెన్నెల్ క్లబ్బులు కలిసి పల్లెల్లో వెతికి, మిగిలిన కుక్కల్ని చూసి, కొలతలు రాసుకుని, 1987లో దాన్ని జాతిగా గుర్తించాయి. "మాది" "మాది" అని కొట్టుకోకుండా పేరులో రెండు దేశాల పేర్లూ పెట్టుకున్నాయి. ఆ పెద్దమనసు నాకు ఎంతో నచ్చింది. ఎఫ్‌సీఐ 2008లో తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది, పక్కా గుర్తింపుకు ఇంకో పదేళ్ల దాకా పట్టింది. అమెరికాలో పూర్తి గుర్తింపు 2025లో వచ్చింది. మొదటి కాగితం నుంచి లెక్కేస్తే 38 ఏళ్లు.

గుర్తింపు వద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కూడా వినాలి. బోర్డర్ కోలీ అని గొర్రెల్ని కాసే కుక్క. దానికి 1906 నుంచే బ్రిటన్‌లో కాపరుల సంఘం ఉంది. వాళ్లకు చెవి నిలబడిందా, వాలిందా అన్నది అనవసరం. గొర్రెల్ని ఎలా తిప్పింది అన్నదే లెక్క. అమెరికా కెన్నెల్ క్లబ్ దాన్ని షో జాతుల్లో చేర్చుకోబోతుంటే అక్కడి కాపరులు గట్టిగా అడ్డుపడ్డారు. "అందం చూసి బహుమతులిస్తే అందం కోసమే పెంచుతారు, పనితనం పోతుంది" అన్నారు. అయినా 1995లో చేర్చారు. నేను కాపరుల వైపే. జోనంగికి ఏ కాగితం రాసినా అందులో బాతుల మంద ఉండాలి. తోక వంపు ఒక్కటే చూసి కప్పు ఇచ్చే రోజు వస్తే, గుంట తవ్వుకుని పడుకున్న ఆ కుక్కకు ఆ కప్పు వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకో ప్రమాదం నేను డాక్టరుగా చెప్పాలి. ఆఫ్రికాలో కాంగో అడవుల్లో బసెంజీ అనే వేటకుక్క ఉంది. అది కూడా మామూలుగా మొరగదు, మన జోనంగిలాగే రాగం తీస్తుంది. ఇంగ్లండ్‌వాళ్లు దాన్ని తీసుకెళ్లి 1937లో క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలో చూపిస్తే జనం విరగబడ్డారు. అమెరికాలో 1942లో దాని క్లబ్ వచ్చింది, మరుసటి ఏడే గుర్తింపు వచ్చింది. చూడ్డానికి ఎంత తొందరగా అయిపోయిందో! కానీ ఆ దేశాలకు చేరిన కుక్కలు గుప్పెడు. పుస్తకం మూసేశాక బయట కుక్కను కలపడానికి వీల్లేదు. మేనరికాల మీద మేనరికాలు చేసినట్టయింది. మూత్రంలో చక్కెర పోయే కిడ్నీ జబ్బు, రక్తం తగ్గిపోయే జబ్బు పెరిగిపోయాయి. చివరికి ఆ క్లబ్‌వాళ్లే 1980ల చివర్లో మళ్లీ కాంగో అడవులకు వెళ్లి కుక్కల్ని తెచ్చారు. పుస్తకం తెరవమని అమెరికా కెన్నెల్ క్లబ్‌ను అడిగారు. 1990లో 14 కొత్త కుక్కల్ని చేర్చుకోవడానికి తలుపు తెరిచారు. తమ కుక్కలో లోపం ఉందని నలుగురిలో ఒప్పుకుని, దాని మంచి కోసం అంత దూరం వెళ్లారు చూడండి, వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను.

అందుకే జోనంగి విషయంలో నాకున్న తొందర సర్టిఫికెట్ కోసం కాదు. ఇప్పుడు ఊళ్లల్లో ఉన్న కుక్కల్లో ఒకదానికొకటి చుట్టరికం లేనివి ఎన్ని ఉన్నాయో ముందు తెలియాలి. నాలుగు అందమైన కుక్కల్ని పట్టుకుని వాటితోనే వంశం మొదలుపెడితే పదేళ్లలో బసెంజీ కష్టం మన గుమ్మంలోకి వస్తుంది.

సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు ఒక పని ఉంది. చిన్నూ ఫొటో తీసే పద్ధతి మార్చాలి. పైనుంచి తీస్తే ఎత్తు తెలియదు. నేల మీద కూర్చుని, కుక్క పక్కనుంచి, నాలుగు కాళ్లూ కనపడేలా తీయాలి. బుజ్జి టేపు పట్టుకోవాలి. నేల నుంచి మూపు దాకా కొలవాలి, తల దాకా కాదు. కొత్త కుక్క దగ్గరికి ఎదురుగా పరిగెత్తి వెళ్లకండి. కాపరి పిలిచి కూర్చోబెట్టేదాకా ఆగండి. వాళ్లింట్లో ఏం పెడితే అది తినండి.

నేను పెద్ద నోటుబుక్కు ఒకటి కొన్నాను. జాతి గడి ఈసారి నేనే గీశాను. మనం చూసిన ఆ కుక్క పోయిన వారం నాలుగు పిల్లల్ని పెట్టింది, రెండు మగ, రెండు ఆడ. ఇది దానికి రెండో ఈత. తల్లి పేరు రాశాను, తల్లికి తల్లి పేరు కాపరి భార్యకు గుర్తుంది, అదీ రాశాను. తండ్రి ఎవరంటే మాత్రం ఆమెకు తెలియదు. మందతో పై ఊళ్లకు వెళ్లిన కాపరి వచ్చాక అడగాలి. ఆ గడి పెన్సిల్‌తో గీసి ఖాళీగా ఉంచాను.

మీ
తాతయ్య