వైజాగ్‌లో ఎగ్జిక్యూటర్ ఆస్తి దాచేస్తే అడిగే నాథుడు ఎందుకు లేడు? దీని వెనక కథ

మన వైజాగ్‌లో ఈమధ్య ఒకే రకం గొడవ తరచుగా వినపడుతోంది. నాన్న పోయారు, వీలునామాలో బాబాయ్‌నో పెద్దన్నయ్యనో ఎగ్జిక్యూటర్‌గా, అంటే రాసిన ప్రకారం ఆస్తి పంచిపెట్టే మనిషిగా పెట్టారు, ఆయన కంచరపాలెం ఇల్లు చూపించి అందరికీ పంచేసి అక్కడితో అయిపోయిందన్నాడు, ఆనందపురం దగ్గర ఉన్న ముప్పై సెంట్లు మాత్రం ఊసెత్తలేదు, ఏళ్లు గడిచాక ఎవరో బ్రోకర్ నోటివెంట ఆ సంగతి బయటపడుతుంది. ఆ మనిషిని తిట్టాల్సిందే. కానీ ఇంత తేలిగ్గా ఎలా దాచగలిగాడో అర్థం కావాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1870లో బ్రిటిష్ వాళ్లు హిందూ విల్స్ యాక్ట్ తెచ్చినప్పుడు దాన్ని బెంగాల్‌కీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ మాత్రమే పెట్టారు. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా నగరం హద్దు బయటే కదా, మనం మిగిలిపోయాం. తర్వాత 1925లో ఇండియన్ సక్సెషన్ యాక్ట్ వచ్చింది, 1927 జనవరి 1 నుంచి రాసే హిందువుల వీలునామాలన్నిటికీ ఇద్దరు సాక్షులుండాలన్న రూల్ దేశమంతా పెట్టారు గానీ, ప్రొబేట్ తప్పనిసరి అన్న సెక్షన్ 213 మాత్రం, 2025లో దాన్ని తీసేసేదాకా, హిందువులకి ఆ 1870 నాటి పాత గీత లోపలే ఉండిపోయింది. ప్రొబేట్ అంటే వీలునామాని కోర్టులో రుజువు చేసి ముద్ర వేయించుకోవడం. ఆ ఖర్చు తప్పింది మంచిదే అని మనవాళ్లు అనుకున్నారు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అదే చట్టంలో సెక్షన్ 317 ఏమంటుందంటే, ప్రొబేట్ తీసుకున్న ఎగ్జిక్యూటర్ 6 నెలల్లో పోయినాయన ఆస్తులు, రావాల్సిన బాకీలు, తీర్చాల్సిన అప్పులు అన్నీ రాసి కోర్టులో జాబితా పెట్టాలి, ఏడాదిలోపు లెక్క చెప్పాలి, కావాలని తప్పుడు జాబితా ఇస్తే అది తప్పుడు సాక్ష్యం కిందకొచ్చే నేరం. ఎంత గట్టి రూలో చూడండి! కానీ ఆ 6 నెలలు లెక్కపెట్టేది ప్రొబేట్ ఇచ్చిన రోజు నుంచి. ప్రొబేటే తీసుకోకపోతే ఆ 6 నెలలు ఎప్పటికీ మొదలవ్వవు. ఎగ్జిక్యూటర్‌కి అధికారం మాత్రం పోయినాయన కన్నుమూసిన రోజే వచ్చేస్తుంది, లెక్క చెప్పే బాధ్యత మాత్రం ఎవరో కోర్టుకెక్కితే గానీ రాదు.

రికార్డులు కూడా దాచేవాడికే అనుకూలంగా ఉన్నాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మకాలు, గిఫ్టులు బుక్ 1లోకి వెళ్తాయి, వీలునామాలు బుక్ 3లోకి. మనం తీసే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, బుక్ 1 నుంచి వస్తుంది, అంచేత ఈసీలో వీలునామా కనపడదు. పైగా ఈసీ కావాలంటే సర్వే నంబరో డోర్ నంబరో ఇవ్వాలి, ఆస్తి ఉందనే తెలియని ఆడపిల్ల సర్వే నంబర్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇక ఇంట్లో జరిగేది తెలిసిందే. "బాబాయ్, నాన్నగారి కాగితాలు ఒకసారి చూపిస్తారా?" అంటే "నా మీద నమ్మకం లేదామ్మా?" అంటాడు. అంతే, ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా అన్న మాట కూడా సిద్ధంగా ఉంటుంది. నిజానికి మన రాష్ట్రంలో 1985లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లైపోయినవాళ్లని వదిలేసింది, 2005 సవరణతో ఆ తేడా పోయింది, 2020లో సుప్రీంకోర్టు 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని కూడా తేల్చేసింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన వాటాకే వీలునామా రాయగలడు, కూతురి వాటాని ఏ ఎగ్జిక్యూటరూ ముట్టుకోలేడు. ఇది చాలామందికి ఇప్పటికీ తెలీదు.

భూమి రేట్ల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంటు వచ్చాక గాజువాక, 2014 తర్వాత మధురవాడ, భీమిలి వైపు. ఒకప్పుడు జీడి తోటే కదా అని ఎవరూ పట్టించుకోని చెక్కని ఇప్పుడు గజాల్లో అమ్ముతున్నారు, దాయాలన్న ఆశ అక్కడ పుట్టింది.

దారులు లేకపోలేదు. రాసినాయన పోయాక బుక్ 3లో ఉన్న వీలునామా కాపీ ఎవరైనా అడగొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ఆ హక్కు ఇచ్చింది, డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. బుక్ 1కి పేర్ల ఇండెక్స్ ఉంటుంది, ఫీజు కట్టి నాన్నగారి పేరుతో, తాతగారి పేరుతో వెతికించండి. 2022లో జిల్లా విడిపోయింది కాబట్టి అనకాపల్లి వైపు ఆఫీసులు మర్చిపోవద్దు. వీలునామాలో లేని సొంత ఆస్తి ఏదైనా బయటపడితే అది పోయినాయన తల్లికీ, భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వస్తుంది. లెక్క చెప్పించాలంటే సివిల్ కోర్టులో అడ్మినిస్ట్రేషన్ సూట్ వెయ్యొచ్చు. ఎగ్జిక్యూటర్‌నే తీసేయమనాలంటే మాత్రం సెక్షన్ 301 కింద హైకోర్టుకే వెళ్లాలి, మన ఊరివాళ్లకి అది ఒకప్పుడు మద్రాసు, 1954లో గుంటూరు, 1956 నుంచి హైదరాబాద్, 2019 నుంచి అమరావతి, ఎప్పుడూ దూరమే.

వీలునామా ప్రకారం రావాల్సిన వాటా కోసం ఎగ్జిక్యూటర్ మీద దావా వెయ్యడానికి గడువు 12 ఏళ్లు, మోసం చేసి దాచాడని రుజువైతే ఆ లెక్క మీకు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, లేదా కాస్త జాగ్రత్తగా ఉంటే తెలిసుండేది అనుకునే రోజు నుంచి. అందుకే అనుమానం వచ్చిన వెంటనే ఆస్తుల జాబితా ఇమ్మని లాయర్ ద్వారా నోటీసు పంపండి, ఆయన జవాబివ్వకపోయినా సరే, ఆ నోటీసు కాపీ, పోస్టాఫీసు రసీదు రెండూ కలిపి భద్రంగా పెట్టుకోండి.