రాజీ కుదిరితే హింస ఆగినట్టేనా? పసిఫిక్ దీవుల నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

ఫిజీ రాజధాని సువాలో గృహహింస బాధితులతో పనిచేసే కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఫిజీ ఊళ్ళ నుంచే కాక వనువాటు, సాలమన్ దీవులు, టోంగా, కిరిబాస్ నుంచి కూడా మహిళలు ఈ శిక్షణకు వస్తారు. కొందరు మగవాళ్ళూ వస్తారు. మనవాళ్ళతో ఈ పని గురించి మాట్లాడితే సాధారణంగా రెండు రకాల స్పందనలు వస్తాయి. "అంత అందమైన దీవుల్లో హింస ఏమిటి?" అనేవారు కొందరు. "ఆదివాసీ సమాజాలు కదా, అలాగే ఉంటాయి" అనేవారు మరికొందరు. ఈ రెండో మాట నన్ను ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే నలభై ఏళ్ళుగా ఇక్కడి ఆడవాళ్ళు చేస్తున్న పనిని ఆ ఒక్క మాట తుడిచేస్తుంది. తరచుగా వినే అపోహలనూ వాటికి నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది పసిఫిక్ సంస్కృతిలోనే ఉంది, మారేది కాదు.

వాస్తవం: ముందు అంకెలు చూద్దాం. ఫిజీలో భర్త లేదా సహచరుడి చేతిలో జీవితంలో ఎప్పుడైనా శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళలు 64 శాతం. ఫిజీ విమెన్స్ క్రైసిస్ సెంటర్ 2010–11లో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వేలో తేలిన లెక్క ఇది. సాలమన్ దీవుల్లోనూ 64 శాతమే. వనువాటులో 60, కిరిబాస్‌లో 68. భయపెట్టే అంకెలే, దాచవలసిన అవసరం లేదు. కానీ అవే పద్ధతుల్లో జరిగిన సర్వేల్లో టోంగాలో 40 శాతం వచ్చింది, కుక్ దీవుల్లో సుమారు మూడో వంతు, పలావులో నాలుగో వంతు. అంతా పసిఫిక్ మహాసముద్రమే, అందరూ ద్వీపవాసులే. సంస్కృతే కారణమైతే పలావుకూ కిరిబాస్‌కూ ఇంత తేడా ఎందుకు వస్తుంది? స్త్రీకి భూమి మీద, డబ్బు మీద, నిర్ణయాల మీద ఎంత అధికారం ఉంది, కొట్టినవాడికి ఊళ్ళో ఏమవుతుంది అన్న విషయాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. అవి మార్చగలిగినవి. మా పని అంతా అక్కడే.

అపోహ: పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చితే సమస్య తీరినట్టే.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మంచివాళ్ళు కూడా నమ్మే అపోహ ఇది.

ఫిజీ మూలవాసులైన ఐతౌకెయి ప్రజల్లో బులుబులు అనే క్షమాపణ ఆచారం ఉంది. తప్పు చేసినవాడి తరఫువారు తంబువా, అంటే తిమింగలం పన్ను, తీసుకుని ఎదుటి కుటుంబం ముందు కూర్చుంటారు. వారు దాన్ని స్వీకరిస్తే రెండు కుటుంబాల మధ్య పగ చల్లారినట్టే. సమోవాలో ఇఫోగా అనే ఆచారం ఉంది. దోషి బంధువులు మేలైన చాపలు కప్పుకుని బాధిత కుటుంబం ఇంటి ముందు తలవంచి కూర్చుంటారు. రెండు వంశాల మధ్య రక్తపాతం జరగకుండా ఆపిన ఆచారాలివి. వాటి మీద నాకు గౌరవం ఉంది.

చిక్కు ఎక్కడంటే, అత్యాచారం జరిగినప్పుడు తంబువా వెళ్ళేది ఆ అమ్మాయి దగ్గరకు కాదు, ఆమె తండ్రి దగ్గరకు. క్షమించేది ఆయన. పరువు దక్కేది రెండు ఇళ్ళకూ. "ఇక కేసు వెనక్కి తీసుకో" అన్న ఒత్తిడి మాత్రం ఆమె మీద పడుతుంది. మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీ చూసినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు. 2002లో ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ ముందుకు ఫిజీ వెళ్ళినప్పుడు ఈ ఆచారం మీద గట్టి ప్రశ్నలే ఎదురయ్యాయి. అప్పుడు బయటివారు చాలామంది ఫిజీ మహిళా సంఘాలు బులుబులునే రద్దు చేయమంటున్నాయని అనుకున్నారు. వారు అడిగింది అది కాదు. ఆచారం ఉండనివ్వండి, కానీ అత్యాచారం కేసును ఆపడానికో శిక్ష తగ్గించడానికో దాన్ని వాడకండి అన్నారు. ఆ తేడా తెలియకపోతే ఊళ్ళో ఒక్క పెద్దతో కూడా మాట్లాడలేం.

భార్యాభర్తల హింసలోనూ ఇదే తంతు. ఇక్కడ చాలా ఊళ్ళలో పెళ్ళయిన స్త్రీ భర్త ఊరికి వెళ్ళి ఉంటుంది. ఇల్లు అతని వాళ్ళది, భూమి అతని వంశానిది, చుట్టుపక్కల ఉన్నవారంతా అతని బంధువులు. అలాంటి చోట భర్త బంధువులు కూర్చోబెట్టి "ఇద్దరూ సర్దుకుపోండి" అంటే ఆమె ఏం చెప్పగలదు? అందుకే శిక్షణలో నేను మొదట నేర్పేది, కొట్టినవాడిని, దెబ్బలు తిన్న మనిషిని ఒకే గదిలో కూర్చోబెట్టి సయోధ్య మాట్లాడవద్దని. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగండి. పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం, పడవ ఛార్జీకి డబ్బు ఎక్కడ ఉన్నాయో, అవసరమైతే అవన్నీ ఎవరి ఇంట్లో దాచుకోగలదో అడగండి. వెళ్ళాలా, ఉండాలా అన్న నిర్ణయం మాత్రం ఆమెదే. మనం తీసుకోవలసింది కాదు. వారానికో రెండు వారాలకో ఒకసారి పడవ వచ్చే దీవిలో "వెళ్ళిపో" అని సలహా ఇవ్వడం సులువే, వెళ్ళడం సులువు కాదు.

పోలీసులు కూడా రాజీలకు అలవాటుపడినవారే. కేసు పెట్టాక బాధితురాలు వెనక్కి తగ్గినా దర్యాప్తు ఆపకూడదన్న విధానం ఫిజీ పోలీసు శాఖ 1995లోనే తెచ్చుకుంది. మంచి విధానం. అన్ని స్టేషన్లలోనూ ఇప్పటికీ ఒకేలా అమలు కావడం లేదు, అందుకే పోలీసు శిక్షణ మా పనిలో ఒక భాగం.

అపోహ: తాగుడు వల్లే ఇదంతా.

వాస్తవం: తాగుడు దెబ్బల తీవ్రతను పెంచుతుంది, అది నిజం. కానీ తాగని మగవాళ్ళు కొట్టడమూ, తాగిన మగవాళ్ళలో ఎంతోమంది కొట్టకపోవడమూ మేం చూస్తూనే ఉంటాం. తాగి ఉన్నవాడు కూడా బయటికి కనబడని చోట కొట్టడానికి జాగ్రత్తపడతాడు. మందు మాన్పిస్తే కుటుంబానికి మేలే, అది హింసకు మందు కాదు.

అపోహ: ఆమె ఏదో చేసి ఉంటుంది.

వాస్తవం: ఇక్కడి తెలుగువారి చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. 1879 నుంచి 1916 వరకు దాదాపు 60,000 మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా ఫిజీ చెరకు తోటలకు తెచ్చారు. 1903 నుంచి మద్రాసు మీదుగా వచ్చిన ఓడల్లో విశాఖపట్నం ప్రాంతం వారూ ఉన్నారు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు అన్నది ఆనాటి నియామకాల లెక్క. కూలీ లైన్లలో, అంటే కూలీలు ఉండే వరుస గదుల్లో, హత్యలు, ఆత్మహత్యలు పెరిగితే తోటల యజమానులు, అధికారులు ఆడవాళ్ళ నడత బాగాలేకనే అని రాసుకున్నారు. ఒక్కో గదిలో కుక్కిన మనుషుల గురించి, కొరడా పట్టిన ఓవర్సీయర్ల గురించి మాత్రం అంత గట్టిగా రాయలేదు. 1913లో కుంతి అనే కూలీ మహిళ తన మీద అత్యాచారానికి ప్రయత్నించిన ఓవర్సీయరు నుంచి తప్పించుకోవడానికి నదిలోకి దూకింది. ఆమె కథ కలకత్తా పత్రిక "భారత్ మిత్ర"లో అచ్చయి దేశమంతా అలజడి రేపింది. ఫిజీ అధికారులు ఆమె మాటను అబద్ధమని కొట్టిపారేశారు. అయినా ఒప్పంద కూలీ పద్ధతికి వ్యతిరేకంగా భారతదేశంలో లేచిన ఉద్యమానికి కుంతి ఉదంతం బలం ఇచ్చింది.

అందుకే ఇక్కడి మన కుటుంబాల్లో ఎవరైనా "మంచి ఇంటి ఆడవాళ్ళకు ఇలా జరగదు" అన్నప్పుడు నేను ఊరుకోలేను. మన ముత్తవ్వల గురించి తోటల దొరలు అన్న మాట అదే.

అపోహ: ఇదంతా విదేశీ డబ్బుతో నడిచే పాశ్చాత్య వ్యవహారం.

వాస్తవం: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి నిధులు వస్తాయి, దాచేదేమీ లేదు. కానీ పునాది వేసినవారు స్థానిక మహిళలు. ఫిజీ విమెన్స్ క్రైసిస్ సెంటర్ 1984లో సువాలో మొదలైంది. 1986 నుంచి దాన్ని నడిపిస్తున్న షమీమా అలీ ఫిజీ భారతీయురాలు. వనువాటు విమెన్స్ సెంటర్ 1992లో వచ్చింది. అదే ఏడాది పసిఫిక్ మహిళా సంఘాలన్నీ కలిసి ఒక ప్రాంతీయ బృందంగా ఏర్పడ్డాయి. అప్పటి నుంచి ఒక దీవిలో నేర్చుకున్నది మరో దీవికి అందుతోంది. టోంగాలో 2009లో మహిళా, శిశు సంక్షోభ కేంద్రం మొదలైనప్పుడు దానికి దారి చూపించిన అనుభవం పసిఫిక్‌దే. కిరిబాస్ రాజధాని ప్రాంతమైన దక్షిణ తరావా ఊళ్ళలో హింసను ఆపడానికి నడుస్తున్న శాంతియుత గ్రామాల కార్యక్రమానికి మూలం ఉగాండాలో ఉంది. ఇంకో పేద దేశంలో రూపుదిద్దుకున్న పద్ధతిని తమ ఊరికి తగ్గట్టు మలచుకున్నారు. పాశ్చాత్యమని ఎలా అంటాం?

అపోహ: చట్టం వచ్చేసింది కదా, ఇక ప్రభుత్వం చూసుకుంటుంది.

వాస్తవం: వనువాటులో కుటుంబ రక్షణ చట్టం 2008లో ఆమోదం పొందింది. దాని వెనక మహిళల పదేళ్ళ పైచిలుకు పోరాటం ఉంది. ఫిజీలో 2009లో, టోంగా, సమోవా, పాపువా న్యూగినీలో 2013లో, సాలమన్ దీవుల్లో 2014లో గృహహింస చట్టాలు వచ్చాయి. వనువాటు చట్టంలో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. కన్యాశుల్కం చెల్లించానన్నది కొట్టినవాడికి సాకుగా చెల్లదని చట్టమే రాసిపెట్టింది. "డబ్బిచ్చి తెచ్చుకున్నాను" అనే మగవాడి నోరు మూయించే వాక్యం అది.

కానీ ఆ దేశంలో సుమారు 80 దీవులున్నాయి, మేజిస్ట్రేటు ఉండేది కొద్ది చోట్లే. అందుకే కోర్టు అందుబాటులో లేని చోట తాత్కాలిక రక్షణ ఉత్తర్వు ఇవ్వడానికి ఊరివారిలోనే అధీకృత వ్యక్తులను నియమించే వీలు కల్పించారు. వనువాటు విమెన్స్ సెంటర్ మారుమూల దీవుల్లో హింసా వ్యతిరేక కమిటీలను పెంచింది. వాటిలో ఉండేవారు తోటపని, చేపల పని, చర్చి పని చేసుకునే మామూలు ఆడవాళ్ళు. ఊళ్ళో సభలు పెడతారు, దెబ్బలు తిన్న మనిషిని పోలీసుల దాకానో కౌన్సెలింగ్ కేంద్రం దాకానో చేరుస్తారు. చట్టం కాగితం మీది నుంచి దీవి చేరేది వీళ్ళ కాళ్ళతోనే.

అపోహ: మగవాళ్ళనూ పాస్టర్లనూ కలుపుకుంటే చాలు.

వాస్తవం: కలుపుకోవాలి, తప్పదు. ఫిజీలో ఆంగ్లికన్ చర్చి నడిపే హౌస్ ఆఫ్ సారా సంస్థ చర్చి సభ్యులకే శిక్షణ ఇచ్చి, బాధితురాలి మాట వినేవారిగా తయారుచేస్తోంది. "భర్తకు లోబడి ఉండు" అన్న ఒక్క వాక్యాన్నే పదేపదే విన్న స్త్రీకి, ఆ చర్చి వేదికే ఆమె పక్షాన మాట్లాడటం పెద్ద ఊరట. అయితే వేదిక ఎక్కి చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వెళ్ళి చెయ్యెత్తే మగవాడి వల్ల ఆడవాళ్ళకు రెట్టింపు నష్టం. అందుకే ఇక్కడి మహిళా సంఘాలు, పురుష కార్యకర్తలు మహిళా ఉద్యమానికి జవాబుదారీగా ఉండాలని వార్విక్ సూత్రాల పేరుతో రాసిపెట్టుకున్నాయి. అతని ఇంట్లో ఏం జరుగుతోందన్నది మొదటి అర్హత, ఉపన్యాసం తరువాత.

అపోహ: ఫిర్యాదులు పెరుగుతున్నాయంటే పని విఫలమైనట్టే.

వాస్తవం: ఒక ఊళ్ళో కమిటీ వచ్చాక కేసులు పెరిగితే, అంతకు ముందు చెప్పుకునే చోటు లేదని అర్థం చేసుకోవాలి. హింస నిజంగానే పెరిగే సమయాలు వేరే ఉన్నాయి. 2011లో రెండు తుపానులు కొట్టాక వనువాటులోని తన్నా దీవి కౌన్సెలింగ్ కేంద్రంలో కొత్త గృహహింస కేసులు 300 శాతం పెరిగాయి. కోవిడ్ ఆంక్షలు వచ్చినప్పుడు ఫిజీ జాతీయ హెల్ప్‌లైనుకు 2020 ఫిబ్రవరిలో 87 కాల్స్, మార్చిలో 187, ఏప్రిల్‌లో 527 వచ్చాయి. అందుకే ఇప్పుడు తుపాను సహాయ శిబిరం పెట్టేటప్పుడే ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్లు, రాత్రి వెలుతురు, కౌన్సెలర్ ఉండాలని పట్టుబడుతున్నాం.

2023లో ఫిజీ ప్రభుత్వం హింసను ముందే నివారించడానికి ఐదేళ్ళ జాతీయ ప్రణాళిక తెచ్చింది. పసిఫిక్ ద్వీప దేశాల్లో ఇలాంటిది ఇదే మొదటిది. బడులు, క్రీడలు, మత సంస్థలు, అనధికార రంగంలోని కూలీలు అన్నీ అందులో ఉన్నాయి. దాని ఫలితాలు చూడటానికి ఓపిక కావాలి, బడ్జెట్టు కూడా కావాలి.

ఫిజీలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. గృహహింస హెల్ప్‌లైను నంబరు 1560. ఫోను ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, హిందీలోనూ మాట్లాడవచ్చు. ఇది హింసేనా కాదా అన్న సందేహం ఉన్నప్పుడు కూడా చేయవచ్చు. పక్కింటి మనిషి కోసమూ చేయవచ్చు.