కారులో పెట్టిన పులిహోర భద్రం కాదు: స్మోకీ కొండల క్యాబిన్లపై అపోహలు, వాస్తవాలు

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని గాట్లిన్‌బర్గ్, సెవియర్‌విల్ చుట్టుపక్కల స్మోకీ కొండల మీద అద్దెకిచ్చే క్యాబిన్లను, అంటే విడిది ఇళ్లను, చూసుకోవడం నా వృత్తి. వేసవి సెలవుల్లోనూ, అక్టోబరులో ఆకులు రంగు మారే రోజుల్లోనూ అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ నగరాల నుంచి తెలుగు కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. తలుపు కోడ్ చెప్పడం పూర్తికాకముందే వారు అడిగే మొదటి ప్రశ్న ఎలుగుబంటి గురించే. అలా అడగడంలో తప్పేమీ లేదు. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఎలుగు మీద పడుతుందేమోనని అంతగా భయపడినవారే ఆ రాత్రి సగం తిన్న పులిహోర డబ్బాను కారు వెనక సీట్లో వదిలేసి పడుకుంటారు.

అపోహ: తిండి కారులో ఉంటే ఎలుగుకు అందదు.

వాస్తవం: అందుతుంది. ఇక్కడి నల్ల ఎలుగు, లాగితే తెరుచుకునే కారు పిడిని గోళ్లతో పట్టి లాగి, తాళం వేయని తలుపును క్షణాల్లో తెరుస్తుంది. వాలు మీద నిలిపిన కారు అయితే అది లోపలికి దూరిన వెంటనే తలుపు దానంతటదే మూసుకుపోతుంది. లోపలి నుంచి తెరవడం దానికి చేతకాదు. అప్పుడది సీట్లు, పైకప్పు గుడ్డ, స్టీరింగు అన్నీ చీల్చేస్తుంది. కారు పోతే బీమా చూసుకుంటుంది, కానీ 2022 జూన్‌లో సెవియర్‌విల్‌లో జరిగింది అంతటితో ఆగలేదు. ఒక అద్దె క్యాబిన్ ముందు నిలిపి ఉంచిన కారులోకి ఎలుగు ఇలాగే దూరి చిక్కుకుంది. ఉదయం బయటికి వెళ్లిన అతిథి సాయంత్రం తిరిగి వచ్చేసరికి అది లోపలే చనిపోయి ఉంది. ఆ రోజు బయట ఎండ 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, కారు లోపల వేడి 140 డిగ్రీలు దాటి ఉండవచ్చని రాష్ట్ర వన్యప్రాణి విభాగం తెలిపింది. కారు నేల మీద కనిపించినవి ఒక ఖాళీ సోడా డబ్బా, ఒక తిండి పొట్లం మాత్రమే.

ఖాళీ డబ్బా అన్న మాటను దయచేసి గమనించండి. తినేశాం కదా, ఇంకేముంది అని మనం అనుకుంటాం, కానీ ఎలుగు ముక్కుకు ఆ మిగిలిన వాసన చాలు. చూయింగ్ గమ్, పిల్లల సీటు కింద రాలిన బిస్కెట్ పొడి, చేతులకు రాసుకునే క్రీము కూడా లోపలికే తీసుకెళ్లండి. ఆ తర్వాత కారుకు తాళం వేసి, వేసిందో లేదో లాగి చూడండి.

మా క్యాబిన్‌లోనే ఒకసారి ఒక కుటుంబం మర్నాటి పిక్నిక్ కోసం పులిహోర, గోంగూర పచ్చడి కూలర్‌లో సర్ది డెక్ (ఇంటిని ఆనుకున్న చెక్క వరండా) మీద ఉంచింది. తెల్లవారి నేను వెళ్లేసరికి చెక్కల సందుల్లో పసుపు మెతుకులు, పగిలిన సీసా పక్కన ఎర్రటి నూనె, గాజు తలుపు మీద నా నడుమెత్తున తడి ముక్కు గుర్తు ఉన్నాయి. ఇల్లాలు పిల్లను హత్తుకొని ఏడుస్తున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ ఎలుగు పదిరోజుల పాటు ప్రతి సాయంత్రం అదే డెక్ ఎక్కింది. మనుషుల తిండి మరిగిన ఎలుగు జనాన్ని చూసి బెదరడం మానేస్తుంది. చివరకు ప్రమాదకరమని తేలితే అధికారులు దానిని చంపక తప్పదు. అడవి తిండి తినే నల్ల ఎలుగు పన్నెండు, పదిహేనేళ్లు బతికితే, మన చెత్తకు అలవాటు పడినది అందులో సగమే బతుకుతుందని ఇక్కడి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం వారు చెబుతారు. అరటిపండు విసిరి ఫోటో తీసుకోవడం ముద్దు కాదు, నేరం. ఉద్యానవనంలో దానికి 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉన్నాయి.

అపోహ: ఎలుగు కనిపిస్తే మీద పడుతుంది.

వాస్తవం: నిరుడు పలాస నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ, “బాబూ, మా ఉద్దానంలో జీడితోటకు వెళ్లాలంటే ఎలుగు భయమే, ఇక్కడ రాత్రి తలుపు తోసుకొస్తే ఏం చేస్తారు?” అని అడిగారు. ఆవిడ భయం అనుభవంలోంచి వచ్చింది, దానిని తేలిగ్గా తీసేయకూడదు. అయితే మన ఎలుగు, ఇక్కడి నల్ల ఎలుగు వేర్వేరు జాతులు. మన ఎలుగు ఉలిక్కిపడితే ఎదురు తిరుగుతుంది, నల్ల ఎలుగు చాలావరకు చెట్టెక్కుతుంది లేదా తప్పుకుంటుంది. తలుపు గడియ వేసి, వంటింటి చెత్తను ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెలోనే వేస్తే అది ఇంటి జోలికి వచ్చే అవసరం ఉండదు. అడవిలో ఎదురైతే పరుగెత్తకండి. దాని మీద చూపు ఉంచి నెమ్మదిగా వెనక్కి నడవండి, దగ్గరకు వస్తే చేతులు పైకెత్తి గట్టిగా అరవండి. అరుదుగా నిజంగా మీదపడితే చచ్చినట్టు పడుకోకూడదు, దొరికిన దానితో తిరగబడాలి. ఉద్యానవనంలో ఎలుగుకు, ఎల్క్ అనే పెద్ద దుప్పికి 50 గజాల దూరం పాటించడం చట్టం. ఆ దూరం నుంచి చూడటానికి ఒక మంచి బైనాక్యులర్, కేడ్స్ కోవ్ లోయలో తెల్లవారుజాము చాలు.

చేపల వేట సంగతికి వస్తే, ఏరు ఎవరి సొత్తూ కాదు కాబట్టి లైసెన్సు అక్కరలేదనేది అపోహ. ఉద్యానవనంలో టెనెసీ లేదా నార్త్ కరొలైనా లైసెన్సు ఉండాలి. టెనెసీలో 13 ఏళ్లు, నార్త్ కరొలైనాలో 16 ఏళ్లు నిండినవారికి అది తప్పనిసరి. గాట్లిన్‌బర్గ్ పట్టణ పరిధిలోని వాగుల్లో వేటకు వేరే పర్మిట్ కావాలి. వానపాములు, మొక్కజొన్న గింజలు, పిండి ముద్దలు ఉద్యానవనంలో నిషిద్ధం. ఒకే కొక్కెం ఉన్న కృత్రిమ ఎరతోనే ట్రౌట్ చేపను పట్టాలి.

జీపీఎస్ సాయంతో ఎవరో దాచిన డబ్బాను వెతికే ఆట జియోకాచింగ్‌కు ఎక్కడైనా డబ్బా దాచవచ్చని పిల్లలు అనుకుంటారు. 2000 మేలో జీపీఎస్ సంకేతాల కచ్చితత్వం అందరికీ అందుబాటులోకి వచ్చిన ఒకటి రెండు రోజులకే ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచడంతో మొదలైన ఈ ఆట నాకూ ఇష్టమే. కానీ ఈ ఉద్యానవనంలో డబ్బాలు దాచకూడదు. ఏమీ పాతిపెట్టకుండా ఆ స్థలాన్ని చూసి ప్రశ్నలకు జవాబులు రాసే ఎర్త్‌కాష్‌లు ఉన్నాయి, వాటిని వెతకండి. రాళ్లు మాత్రం కదిలించకండి. ఏటిలో రాయి లేపితే దాని కింద సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచర జీవి) గూడు నాశనమవుతుంది. గట్టు మీద సందులో చేయి పెడితే కాపర్‌హెడ్ అనే విషపాము ఉండవచ్చు.

ప్రవేశ రుసుము లేదు కాబట్టి పార్కింగ్ కూడా ఉచితమే అనుకొని జరిమానా టికెట్ తెచ్చుకునేవారు ఇంకా ఉన్నారు. 2023 మార్చి నుంచి పదిహేను నిమిషాలు మించి కారు నిలిపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. దానిని బయలుదేరేముందే కొనుక్కోండి. దిగేటప్పుడు పులిహోర డబ్బా వెనక సీట్లో ఉండిపోయిందేమో చూసుకోండి.