ఇత్తడికి చింతపండు పడుతుంది, అమోనియా పడదు

దీపపు కుందులు తోమేటప్పుడు గమనించే ఉంటారు. నానిన చింతపండు రాసి బొటనవేలితో రుద్దితే, వేలు నడిచిన దారంతా నలుపు పోయి పచ్చగా మెరుస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగిస్తుంది, అడుగు లోహం జోలికి పెద్దగా పోదు.

అమెరికాలో తుపాకీతో గురి సాధన చేసేవాళ్లు చాలామంది, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చుకుని మళ్లీ వాడతారు. వాటిని శుభ్రం చేసే తీరు అచ్చం మన వంటింటిదే. నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, సన్నటి స్టీలు పిన్నులు ఒక డ్రమ్ములో వేసి గంటల తరబడి తిప్పుతారు. పిన్నులు గొట్టం లోపలికి కూడా దూరి మసిని గీకేస్తాయి. మొక్కజొన్న బెండు పొడిలో పొడిగా తిప్పేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ మసిలో సీసం ఉంటుంది, దుమ్ముగా లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తడి పద్ధతే మేలని నా నమ్మకం.

ఈ ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపు ఎక్కువైతే జింకు కరిగిపోయి, రాగి గులాబీ రంగులో పైకి తేలుతుంది. రాత్రంతా చింతపండులో మరిచిపోయిన చెంబు ఎర్రబారేదీ ఇందుకే.

అసలు భయపడాల్సింది అమోనియాకి. బ్రిటిష్ పాలనలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల గొట్టాలు వాటంతటవే పగిలిపోయేవి. ఎవరూ పేల్చలేదు, దెబ్బా తగల్లేదు. కారణం 1921లో తేలింది: మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వివరించారు. ఇత్తడి బిళ్లను వేడి చేయకుండానే సాగదీసి గొట్టం చేస్తారు కాబట్టి, ఆ లాగుడు బలం లోహంలోనే బిగుసుకుని ఉండిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమోనియా, చెమ్మతో కలిసి లోహపు రేణువుల మధ్య సందుల్ని కొరికింది. లోపలి బిగువు ఆ సందుల్ని చీల్చేసింది. గొట్టాలను తగినంత వేడి చేసి ఆ బిగువు సడలించడమే అప్పుడు దొరికిన విరుగుడు.

ఇప్పటికీ కొన్ని ఇత్తడి పాలిష్‌లలో అమోనియా ఉంటుంది, మూత తీయగానే ముక్కుకు ఘాటు కొడుతుంది. పోత పోసిన మందపాటి కుందికి దానివల్ల పెద్ద హాని ఉండకపోవచ్చు. పేలినప్పుడు ఉబ్బి, అచ్చులో పెట్టి మళ్లీ నొక్కించుకున్న పలచటి గొట్టానికి మాత్రం అది తగలకూడదు.