ఊరి గ్రూపులో వార్త పెట్టే ముందు: అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో ఇప్పుడు వార్త ముందు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, ఆ తర్వాతే టీవీలోకి. రొయ్యల రైతుల గ్రూపు, పార్టీ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, అన్నిట్లోనూ అదే ఫార్వర్డు. వాటిని సరిచూసే పనిలో ఉన్నవాళ్ళకి త్వరగానే అర్థమయ్యే సంగతి ఒకటుంది: పూర్తిగా అల్లిన అబద్ధాలు తక్కువే. చాలావరకు అసలు నిజమే, కానీ తేదీ ఊడిపోయి ఉంటుంది, లేదా కొలత మారిపోయి ఉంటుంది, లేదా సగంలో ఉన్న పని అయిపోయినట్టు రాసి ఉంటుంది. వార్త చూడగానే ముందు వెతకాల్సింది ఈ మూడే.

అపోహ: "భద్రాచలంలో 43 అడుగులు దాటింది, రేపటికి మన లంకలన్నీ మునుగుతాయి."

43 అడుగులు భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక. 48 రెండోది, 53 మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర లెక్క వేరు: 11.75, 13.75, 17.75 అడుగులు. రెండు గేజీలూ వేరు, ఒకదాని అంకె తెచ్చి ఇంకోదానికి అంటించకూడదు. పైగా అవి మన గుమ్మంలోకి వచ్చే నీటి లోతు కానే కావు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటాయి. రెండోదానికి 13 లక్షలు, మూడోదానికి 17 లక్షలు. 1986 ఆగస్టులో అది 35 లక్షలకు చేరింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఈ అంకెలు పక్కన పెట్టుకుంటే వచ్చిన మెసేజ్ ఎంత తీవ్రమో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది.

క్యూసెక్కుకీ టీఎంసీకీ తేడా చూడకపోవడం మరో పెద్ద తప్పు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే పారే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే నీటి పరిమాణం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. 10 లక్షల క్యూసెక్కులు 24 గంటలు పారితే దాదాపు 86 టీఎంసీలు. "10 లక్షల టీఎంసీలు వదిలారు" అని ఎవరైనా పెడితే ఆ మెసేజ్ రాసినవాళ్ళు మూలం చూడలేదని అక్కడే తేలిపోయింది.

భద్రాచలంలో తగ్గుముఖం పట్టిందన్న వార్త నిజమే కావచ్చు. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి చాలా గంటలు పడుతుంది కాబట్టి అదే సమయంలో ఇక్కడ ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. "తగ్గుతోందంట, సామాన్లు దించేయండి" అనే మెసేజ్ ఇందుకే ప్రమాదం. వరద మెసేజ్ పెడితే ఇలా పెట్టాలి: "ధవళేశ్వరం, ఉదయం 6 గంటలు, 12.10 అడుగులు, పెరుగుతోంది, జలవనరుల శాఖ బులెటిన్." చోటు, సమయం, అంకె, పోకడ, చెప్పింది ఎవరు. ఐదింటిలో ఒక్కటి లేకపోయినా ఆపేయండి. విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనలు, ఫోనులో సచేత్ యాప్ హెచ్చరికలు ఉండగా ఊహలతో పని లేదు.

అపోహ: "కళ్ళముందు వీడియో ఉంటే ఇంక అనుమానం ఏంటి?"

గోదావరి లంక ఊరైన కనకాయలంకకి వెళ్ళే కాజ్‌వే వరద వస్తే మునుగుతుంది. ఏ ఏడు తీసిన వీడియో అయినా ఈ ఏడుదిలాగే ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మలో తీసిన తేదీ, కెమెరా వివరాలు మిగలవు. కాబట్టి "డీటెయిల్స్‌లో ఈ రోజు తేదీయే ఉంది" అంటే అది మీ ఫోనులోకి దిగిన తేదీ మాత్రమే.

చేయాల్సింది ఇది. వీడియోని మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీయండి. బోర్డులు, బస్సు మీద రాత, గుడి గోపురం, వంతెన రెయిలింగ్ కనపడే చోటు చూసి ఆపాలి. ఉత్త నీళ్ళు మాత్రమే ఉన్న ఫ్రేమ్‌తో ఏమీ దొరకదు. ఒక్కో స్క్రీన్‌షాట్‌నీ బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేయండి. పాతది దొరికితే ఎవరు, ఏ రోజు ఎక్కించారో చూసి ఆ లింకు దాచుకోండి. దొరకనంత మాత్రాన కొత్తదని కాదు, తేలలేదని మాత్రమే. శబ్దం విడిగా వినండి: జనం మాట్లాడే యాస మన గోదావరి యాస కాకపోతే, లేదా గాలి హోరులో కూడా వ్యాఖ్యానం స్టూడియోలో చెప్పినంత తేటగా ఉంటే, శబ్దం తర్వాత అతికించారేమోనని అనుమానించాలి.

నాయకుల గొంతుతో వచ్చే ఆడియోల విషయంలో చెవిని నమ్ముకోవద్దు. కృత్రిమ మేధతో గొంతు అచ్చుదింపేస్తున్నారు. ఆ మాట ఏ సభలో, ఏ తేదీన అన్నారో వెతికి పూర్తి ప్రసంగం వినడమే సరైన దారి. సభ పేరు, తేదీ చెప్పలేని ఆడియో ఎంత బాగున్నా పంచకూడదు. పేపర్ కటింగ్ అయితే ఆ రోజు ఈ-పేపర్ తెరిచి జిల్లా ఎడిషన్‌లో అదే పేజీ చూస్తే సరిపోతుంది.

అపోహ: "యూపీఐలో 2000 దాటితే 1.1 శాతం కోత."

2023 మార్చిలో పుట్టిన మాట ఇది, ఇప్పటికీ భీమవరం మేత షాపుల దగ్గర వినపడుతుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ ఇచ్చిన అసలు సర్క్యులర్‌లో ఉన్నది వేరు. పేటీఎం లాంటి వాలెట్లలో ముందే వేసుకున్న డబ్బుతో వ్యాపారికి 2000 రూపాయలకు మించి చెల్లిస్తే, వ్యాపారి వైపు నుంచి వాలెట్ కంపెనీకి వెళ్ళే రుసుము అది, గరిష్ఠంగా 1.1 శాతం. కొనేవాడి జేబులోంచి కాదు. బ్యాంకు ఖాతా నుంచి బ్యాంకు ఖాతాకి పోయే మామూలు యూపీఐకి అది వర్తించదని ఎన్‌పీసీఐ అప్పుడే ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో "2000 దాటితే జీఎస్టీ" అని మళ్ళీ తిరిగితే ఆర్థిక శాఖ అలాంటి ఆలోచనే లేదని చెప్పింది.

టెక్నాలజీ వార్తలో డబ్బు మాట వస్తే నాలుగు అడగండి: ఎవరు కట్టాలి, ఎవరికి, ఏ రకం లావాదేవీకి, ఎప్పటినుంచి. శీర్షికలో సాధారణంగా ఒక్కటే ఉంటుంది.

అమెరికా సుంకాల వార్తకీ ఇదే వర్తిస్తుంది. మన సరుకు మీద 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం వేసిన మాట నిజం. కట్టేది అక్కడ దిగుమతి చేసుకునే కంపెనీ. దాని ఒత్తిడి ఎగుమతిదారు మీదుగా చెరువు గట్టు దాకా వస్తుంది, కానీ రొయ్య రైతు ధర సరిగ్గా సగానికి పడిపోతుందని లెక్క కట్టడం తప్పు. సుంకాలు ఒక్క ప్రకటనతో మారిపోతాయి కాబట్టి తేదీ లేని కార్డు వద్దు. రొయ్య ధర పెడితే కౌంటు తప్పకుండా రాయండి. కిలోకి 30 తూగే రొయ్యకీ 100 తూగే రొయ్యకీ ధర ఒకటి కాదు.

అపోహ: "జీవో వచ్చేసింది" అంటే అమల్లోకి వచ్చేసినట్టే.

ముసాయిదా నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్, జీవో, బిల్లు, చట్టం, నిబంధనలు: ఇవి వేర్వేరు మెట్లు. ముసాయిదా అంటే అభ్యంతరాలు చెప్పుకోమని గడువిచ్చి పెట్టే కాగితం. కోనసీమ జిల్లా పేరు మార్పు మీద 2022 మే 18న ప్రాథమిక, అంటే ముసాయిదా నోటిఫికేషన్ వచ్చింది, 30 రోజుల గడువు ఉంది. గడువు నడుస్తుండగానే మే 24న అమలాపురం మంటల్లో చిక్కుకుంది, ఆ వెనకే జిల్లాలో ఇంటర్నెట్ ఆగిపోయింది. అభ్యంతరం ఉన్నా మద్దతు ఉన్నా కాగితం మీద రాసి ఇచ్చే వీలున్న దశ అది. ఈ సంగతి గ్రూపుల్లో గట్టిగా చెప్పేవాళ్ళు ఉండటం ఎంత అవసరమో కోనసీమకి చెప్పక్కర్లేదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో గానీ రాలేదు. మధ్యలో రెండేళ్ళకు పైగా "అమల్లోకి వచ్చింది" అని పెట్టిన పోస్టులన్నీ తొందరపాటే.

అపోహ: "మొదటి రౌండులోనే ఆధిక్యం, ఇంక గెలిచినట్టే."

ఓట్ల లెక్కింపులో ముందు పోస్టల్ బ్యాలెట్లు మొదలుపెడతారు, అరగంట తర్వాత ఓటింగ్ యంత్రాలు. మామూలుగా ఒక హాల్లో 14 టేబుళ్ళు, అంటే రౌండుకి 14 బూత్‌లు, అదీ బూత్ నంబరు వరసలో. మొదటి రౌండ్లలో కనపడేది ఆ వరసలో ముందున్న ఊళ్ళ మొగ్గు మాత్రమే. ఆధిక్యం పెడితే "18 రౌండ్లలో 3 అయ్యాయి" అని కలిపి రాయండి.

అపోహ: "మూడు నీలం టిక్కులు పడితే ప్రభుత్వం చూసినట్టు. సభ్యుడు ఏం పెట్టినా అడ్మిన్ జైలుకే."

మూడో టిక్కు వాట్సాప్‌లో లేనే లేదు. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడి పోస్టుకి నేర బాధ్యత రాదని బాంబే, కేరళ హైకోర్టులు తేల్చాయి. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. అలాగని ఏం పెట్టినా పోతుందనుకోవద్దు: వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196, జనాన్ని భయపెట్టే పుకారు పుట్టిస్తే 353 సెక్షన్ ఉన్నాయి. "నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అన్నది రక్షణ కాదు, 353లో ప్రచారం చేయడం కూడా నేరమే.

అపోహ: "పెద్దవాళ్ళు పెట్టింది తప్పని చెబితే గొడవ అవుతుంది."

గ్రూపులో అందరి ముందూ అంటే అవుతుంది. ముందు విడిగా పంపండి: "బాబాయ్, అది 2022 జులై వీడియో అండి, లింకు ఇదిగోండి. మీరే గ్రూపులో ఓ మాట చెబితే బాగుంటుందండి." తప్పు దిద్దుకునే అవకాశం ఆయన చేతికే ఇస్తే చాలామంది ఆ పని చేస్తారు. "అందరికీ డిలీట్" సుమారు రెండున్నర రోజుల వరకే పనిచేస్తుంది, దిద్దడానికి 15 నిమిషాలే గడువు, కాబట్టి ఆలస్యం వద్దు. డిలీట్ చేసి ఊరుకోకూడదు, అప్పటికే అది నాలుగు గ్రూపులు దాటి ఉంటుంది. దిద్దుబాటు పెట్టేటప్పుడు పాత బొమ్మని శుభ్రంగా మళ్ళీ పంపకండి. బొమ్మ మీద అడ్డంగా, కత్తిరించడానికి వీల్లేకుండా "పాతది, 2022" అని పెద్ద అక్షరాలతో రాసి పంపండి. కింద ఒక్క వాక్యంలో అసలు సంగతి, లింకు. అంతకుమించి రాస్తే ఎవరూ చదవరు.